తాటిపత్రి బడి

మల్దకల్ రోడ్డు దిగి మట్టిబాట పడితే వచ్చే ఊరు అది. ఆ ఊరి బడిలో నాలుగో తరగతి చదువుతున్న సౌందర్యకు చదవడం రాదు. చదువుతున్న అనేది మనం అలవాటు కొద్దీ అనే మాట. అ నుంచి అః దాకా పాటలా అప్పజెప్పేది. అదే అక్షరాన్ని విడిగా బోర్డు మీద రాసి ఇదేమిటంటే పైకప్పు చూసేది. వత్తు కనబడిందంటే నోరు కుట్టేసినట్టే.

పిల్ల మొద్దు కాదు. ఆ ప్రాంతంలో శ్రావణం రాగానే సీడు పత్తి చేలల్లో క్రాసింగ్ మొదలవుతుంది. సాయంత్రం పూట, మరునాడు విచ్చుకోబోయే మొగ్గను పట్టుకుని, మీది రేకులు గోటితో ఒలిచి, లోపలి పుప్పొడిని కాడ విరగకుండా తీసేసి, గుర్తుకు ఎర్ర కాగితం ముక్క తగిలించాలి. తెల్లారి మగ మొక్కల వరస నుంచి పువ్వు తెచ్చి దానికి రుద్దాలి. అప్పుడే కాయలో విత్తనాల కంపెనీకి కావలసిన విత్తనం పడుతుంది. పెద్దవాళ్ల చేతుల్లో ఆ కాడ పుటుక్కున విరుగుతుంది, చిన్న వేళ్లయితే విరగదు. అందుకే అక్కడ పిల్లల వేళ్లకు ఉన్న గిరాకీ వాళ్ల తలకాయలకు లేదు.

కూలికి జోడీలనే పెట్టుకుంటారు. జోడీలో పెద్దది పైకొమ్మలు చూస్తుంది, చిన్నది వంగే అవసరం లేకుండా కిందికొమ్మలు చూస్తుంది. జోడీ లేని ఆడమనిషిని పనికి పిలిచేవాడు లేడు. సౌందర్య తల్లి జమ్ములమ్మకు మొగుడు పోయాడు, మిగిలింది ఈ పిల్ల ఒక్కతే. అందుకని ఒకటో తరగతి నుంచీ ఏటా శ్రావణంలో తల్లితో చేలోకి దిగడం, దీపావళి అయ్యాక బడికి రావడం, వచ్చేసరికి అంతకుముందు నేర్చుకున్నది ఊడ్చుకుపోయి మళ్లీ అ దగ్గర మొదలుపెట్టడం. ఇలా నేర్పితే పండితుడి కొడుక్కి కూడా చదువు రాదు.

ఆ జూన్‌లో బడికి నిరోష వచ్చింది. గద్వాల పిల్ల, టీచరు ట్రైనింగ్ చేసి ఇంట్లో ఖాళీగా ఉంది. చదవడంలో వెనకబడ్డ పిల్లలను విడిగా కూర్చోబెట్టి చదివించడం ఆమె పని, అదీ ఆ ఒక్క సంవత్సరానికే. ఆ తరగతికి సర్కారు కాగితాల్లో చక్కటి పేరుంది గానీ, వంటగది వెనక వరండాలో కూర్చునే ఆ పిల్లలను బడంతా మొద్దుల లైను అనేది. ఆ పేరు పెట్టినవాడి నోట్లో మన్ను పడ! హెడ్మాస్టరు జాన్ సారు కూడా నవ్వుతూ అదే అనేవాడు.

"ఏం నిరోషా మేడం, మీ మొద్దులందరు వచ్చిండ్రా?" అని పిల్లల ముందే అడిగేవాడు.

నిరోష మంచిది. మంచివాళ్లకు ఉండే తెలివితక్కువతనం కూడా ఆమెకు దండిగా ఉంది. సౌందర్య గుణింతాలు పట్టుకోవడం చూసి మురిసిపోయి, ఒకనాడు సాయంత్రం ఆ పిల్ల ఇంటికే వెళ్లింది.

"అక్కా, ఫిబ్రవరిల గురుకులం పరీక్ష ఉంటది. పాసైతే ఐదో తరగతికి హాస్టల్ల వేసుకుంటరు. తిండి, బట్టలు, పుస్తకాలు అన్నీ వాళ్లవే. మీ అక్క బిడ్డ ఉష చదువుతలేదా?"

జమ్ములమ్మ పొయ్యి ఊదుతూ నవ్వింది. "దీనికి దాని పేరే చదవరాదు. పరీక్ష ఏం రాస్తది మేడం?"

"చదవొస్తే పంపిస్తవా?"

"ఎందుకు పంపియ్య? నా బిడ్డ మంచిగైతే నాకు చేదా? చదవొచ్చిన్నాడు పంపిస్త, పో."

గోడకు ఆనుకుని వింటున్న సౌందర్యకు తెలియాల్సింది ఒక్కటే. "హాస్టల్ల బూట్లిస్తరా మేడం?"

ఉష నిరుడు దసరాకు నల్ల బూట్లు, తెల్ల సాక్సులు వేసుకుని వచ్చింది. ఒక్కసారి వేసుకుంటానంటే ఇవ్వలేదు, ముట్టుకోనివ్వలేదు, పడుకునేటప్పుడు కూడా తలగడ పక్కనే పెట్టుకుంది. సౌందర్యకు హాస్టల్ అంటే ఆ బూట్లే.

"ఇస్తరు. సాక్సులు గూడ ఇస్తరు. నువ్వు చదవడం నేర్చుకో, చాలు," అంది నిరోష.

ఇక ఆ పిల్లను ఆపడం ఎవరి తరమూ కాలేదు. మధ్యాహ్నం అన్నం పళ్లెం కడుగుతూ కూడా అక్షరాలు గొణిగేది. ఈసారైనా అ దగ్గరికి వెనక్కి పోకుండా గట్టెక్కుతుందనుకుంది నిరోష. అంతలో శ్రావణం వచ్చింది, మొద్దుల లైను మొత్తం ఖాళీ అయింది.

నిరోష చేను వెతుక్కుంటూ పోయింది. మహిపాల్ అనే ఆసామిది ఆ చేను, ఊళ్లో సీడు పత్తి ఎక్కువ వేసేది అతనే. మొక్కల మధ్య ఆడవాళ్ల నడుములు, తలలు కనబడుతున్నాయి గానీ పిల్లలు కనబడలేదు. పేరు పెట్టి పిలిస్తే సౌందర్య ఆకుల్లోంచి బయటికి వచ్చింది. వేళ్లు పసరుతో నల్లబడి ఉన్నాయి.

"జమ్ములమ్మక్కా, గిట్ల చేస్తే ఎట్ల? మల్ల అంతా మరిచిపోతది."

"నేనేం చెయ్యాలె మేడం? జోడీ ఇడిస్తే నన్నెవరు పెట్టుకుంటరు? నువ్వొస్తవా కిందికొమ్మలకు?"

పక్క వరసల్లో ఆడవాళ్లు పకపకా నవ్వారు. నిరోష ముఖం ఎర్రబడింది. ఏదో ఒకటి సాధించుకుని పోవాలన్న పట్టుదల వచ్చింది. పుణ్యానికి పోతే పాపం ఎదురయ్యేది సరిగ్గా ఇలాంటప్పుడే.

"పొద్దటి పనికి, మాపటి పనికి నడుమ ఎండపూట ఖాళీగనే ఉంటరు గదా. అప్పుడు నేనే ఇక్కడికి వచ్చి చదివిస్త. పని చెడదు, చదువు చెడదు."

గట్టు మీద బండి ఆపి వింటున్న మహిపాల్ వెంటనే ఒప్పుకున్నాడు. "నేను చదువుకు అడ్డమొచ్చేటోన్ని కాదు మేడం. మీరు వస్తనంటే మాకంటె అదృష్టవంతులెవరు?" అన్నాడు. మరునాటికల్లా గట్టు మీది తుమ్మచెట్టు పక్కన నాలుగు గుంజలు పాతించి నీలం తాటిపత్రి, అదే టార్పాలిన్ పట్టా, పందిరిలా కట్టించాడు. కింద చాప, పక్కన చల్లటి నీళ్ల క్యాను. అడక్కుండానే ఇంత చేసేవాడు మరింకేదో చూసుకునే చేస్తాడని నిరోషకు తట్టలేదు. దేవుడిలాంటి మనిషి అనుకుంది.

జాన్ సారు ఇంకా సంతోషపడ్డాడు. "అచ్ఛా! అంటే పిల్లలు హాజరున్నట్టే గద మేడం? పాఠం వరండాల జరిగితే ఏంది, చేన్ల జరిగితే ఏంది?" అని అందరికీ హాజరు వేసేశాడు. అంతకుముందు పిల్లలు రాలేదని నలుగురికీ సంజాయిషీ చెప్పుకోవలసి వచ్చేది. ఆ పీడ వదిలింది.

చదువు మాత్రం నిజంగానే వచ్చింది, అది అబద్ధం చెప్పకూడదు. సౌందర్య వత్తుల దగ్గర ఆగిపోతుంటే ఒకనాడు నిరోషకు ఒక ఉపాయం తోచింది.

"మొగ్గను ఎట్ల ఒలుస్తవు?"

"ముందుగాల మీదిది తీస్త. మల్ల లోపలిది."

"మాటను గూడ గట్లనే ఒలువు. ముందు మీది అక్షరం పట్టుకో. తర్వాత దాని కింద ఏముందో చూడు. తొందరపడితే కాడ విరుగుతది."

పిల్ల పుస్తకం మీద నల్లటి గోరు పెట్టి వస్త్రాన్ని ఒలిచింది, రాష్ట్రాన్ని ఒలిచింది. అంతవరకు గోడలా నిలబడ్డ మాటలు ఒక్కొక్కటే విడిపోవడం మొదలైంది. ఆ వేళ్లకు తెలిసిన పని అదే గనక తల దానికి దారి ఇచ్చింది. నిరోషకు ఆ రాత్రి సంతోషంతో అన్నం సయించలేదు.

చేను మొదట్లో విత్తనాల కంపెనీ పాతిన రేకు బోర్డు ఉంది. ఒకనాడు నీళ్లకు పోయిన సౌందర్య దాని ముందు నిలబడిపోయింది. గాలిలో వేలు ఆడిస్తూ, ఒక్కో మాటా ఒలుచుకుంటూ పైకే చదివింది.

"ఈ... పొలంలో... పిల్లలతో... పని... చేయించడం... లేదు."

ఎవరి సాయమూ లేకుండా ఆ పిల్ల జీవితంలో చదివిన మొదటి వాక్యం అది. చదివేసి, "వచ్చింది మేడం! మొత్తం వచ్చింది!" అని గంతులు వేస్తూ పరుగెత్తుకొచ్చింది. వాక్యం అర్థమైందా లేదా అన్నది ఆ పిల్లకు పట్టలేదు, రావడమే గొప్ప. ఆడవాళ్లు నవ్వారు. జమ్ములమ్మ కూడా కొంగు అడ్డం పెట్టుకుని నవ్వింది, బిడ్డ చదివినందుకు ఆమె కళ్లలో నీళ్లు కూడా తిరిగాయి. మహిపాల్ జేబులోంచి చాక్లెట్ తీసి సౌందర్య చేతిలో పెట్టి, తాటిపత్రి వంక కాసేపు చూస్తూ నిలబడ్డాడు. నిరోష మటుకు నవ్వలేకపోయింది. ఆ రోజు ఇంటికి పోతూ బస్సులో, పోనీ పిల్లకు చదువొస్తోంది కదా అని తనకు తాను చెప్పుకుంది. అలా చెప్పుకోవడం ఒకసారి మొదలుపెడితే దానికి అంతు ఉండదు.

వినాయక చవితి దాటాక కంపెనీవాళ్ల జీపు వస్తోందని మహిపాల్‌కు ముందే కబురు అందింది. పట్నం నుంచి ఎవరో పెద్దవాళ్లు, చేలల్లో పిల్లలు ఉన్నారేమో చూడటానికి. మిగతా ఆసాములు అలాంటి రోజున పిల్లలను ఇళ్లలో దాచేవారు. మహిపాల్‌కు ఆ పరేషాన్ లేదు. పిల్లలందరినీ బడి బట్టల్లో రమ్మన్నాడు. నిమ్మచెక్కలతో వేళ్లు రుద్దించాడు. గద్వాల సంతలో కొన్న పాత బూట్లు గోనెసంచి నిండా తెచ్చి చాప మీద కుమ్మరించాడు.

సౌందర్యకు దొరికిన జత కాస్త పెద్దది. అయినా లేసులు ముడి వేసుకుని రెండు పాదాలూ పక్కపక్కన పెట్టి అలాగే చూస్తూ కూర్చుంది. పక్కవాళ్లు తొక్కుతారేమోనని కాళ్లు దగ్గరికి ముడుచుకుంది.

నిరోష వచ్చేసరికి అంతా సిద్ధంగా ఉంది. "ఇదేంది అన్నా?" అంది.

"మీ బడే మేడం. మంచిగ కనపడాలె గద," అన్నాడు మహిపాల్.

జీపు దిగిన నల్ల కళ్లద్దాల ఆవిడ తాటిపత్రి కింద పిల్లలను చూసి చేతులు జోడించినంత పని చేసింది. "పొలం దగ్గరే చదువా! తల్లులు పని చేసుకుంటుంటే పిల్లలు ఇక్కడ చదువుకుంటారన్నమాట!"

"అవు మేడం. బడి అయినంక ఇక్కడ కొద్దిసేపు. వెనకబడ్డోళ్లు గద, పాపం," అన్నాడు మహిపాల్. "బిడ్డా సౌందర్యా, మేడంకు ఆ బోర్డు చదివి చూపియ్యి."

సౌందర్య బూట్లతో టకటకా నడిచివెళ్లి, బోర్డు ముందు నిటారుగా నిలబడి, ఈసారి ఒలవకుండా, ఒక్క ఊపులో చదివింది. "ఈ పొలంలో పిల్లలతో పని చేయించడం లేదు." అందరూ చప్పట్లు కొట్టారు. ఫొటోలు తీశారు. ఆవిడ పిల్ల చేయి పట్టుకుని, "ఈ గోళ్లేమిటి ఇలా ఉన్నాయి?" అని అడిగింది.

"పండుగకు గోరింటాకు పెట్టుకున్నరు మేడం."

"ఎంత ముద్దుగా ఉన్నాయో," అంది ఆవిడ. తర్వాత నిరోష వైపు తిరిగి, "మీరు రోజూ వచ్చి చెప్తారా?" అని అడిగింది.

"వస్త మేడం," అంది నిరోష. అది నిజమే. మిగతా నిజం గొంతు దాకా వచ్చింది. చెప్తే తాటిపత్రి ఊడుతుంది, జోడీలు పోతాయి, జమ్ములమ్మ పిల్లను తీసుకుని ఇంకో ఊరి చేనుకు పోతుంది, ఫిబ్రవరి పరీక్షా పోతుంది. ఇవన్నీ లెక్క వేసుకుని నోరు మూసుకుంది. నిరోషను తిట్టడం తేలికే. ఆ చాప మీద నిలబడి ఎవరు నోరు తెరిచేవారో చెప్పడం కష్టం.

జీపు దుమ్ము అణగకముందే మహిపాల్ గోనెసంచి విప్పాడు. "బూట్లు తీయుండ్రి. మల్ల వాళ్లు వస్తే కావాలె. జల్ది, మాపటి మొగ్గలన్నీ అట్లనే ఉన్నయి." సౌందర్య అందరికంటే ఆఖరున విప్పింది. లేసు ముడి రాకపోతే మహిపాల్ తనే వంగి లాగేశాడు. ఆ రోజు పాఠం జరగలేదు, పోయిన సమయానికి పొద్దుగూకే దాకా పని చేయించుకున్నాడు.

ఆ ఫొటో ఊరంతా ఫోన్లలో తిరిగింది. పక్క చేను చెన్నయ్య ఆకుపచ్చ తాటిపత్రి కట్టాడు. బాగా చదివే పిల్లల తల్లులు కూడా ఆలోచనలో పడ్డారు. చేనులోనే చదువు వస్తుంటే బడిదాకా పంపడం దేనికి, ఇంట్లో ఒక జోడీ తయారవుతుంది కదా అనుకున్నారు. అప్పటిదాకా ఏ శ్రావణంలోనూ చేనుకు పోని పిల్లలు పోవడం మొదలుపెట్టారు. దసరా సెలవులకు ముందు ఒకనాడు నిరోష బడికి వెళ్తే మూడో తరగతి గదిలో ఎవరూ లేరు.

ఆమె నేరుగా చేనుకు వచ్చింది. "రేపటి సంది నేను రాను అన్నా. పిల్లలు బడికే రావాలె."

మహిపాల్ కోపగించుకోలేదు. "మీ ఇష్టం మేడం. తాటిపత్రి ఉన్నది, పుస్తకాలున్నయి. జీపు వచ్చిననాడు చదవనీకె సౌందర్య ఉన్నది. మీకెందుకు కష్టం?"

నిరోష పంతం పట్టి రెండు మూడు రోజులు మానేసింది. తర్వాత ఆ పిల్ల మళ్లీ వెనక్కి పోతుందేమో, వత్తులు మరిచిపోతుందేమోనని భయం పట్టుకుంది. తలవంచుకుని తిరిగి వచ్చి చాప మీద కూర్చుంది. మహిపాల్ నీళ్ల క్యాను ఆమె దగ్గరికి జరిపాడు.

పరీక్షకు దరఖాస్తు తనే పెట్టింది. దీపావళి తర్వాత బడిలో, ఆదివారాలు జమ్ములమ్మ ఇంటి అరుగు మీద, పాత ప్రశ్నలన్నీ చేయించింది. సౌందర్య ఇప్పుడు కథ మొత్తం చదివి, అందులో ఏమైందో తన మాటల్లో చెప్పేది. పరీక్ష రాస్తే సీటు వచ్చేదే. అందులో నాకు అనుమానం లేదు.

పరీక్షనాడు పొద్దున్నే నిరోష గద్వాల నుంచి ఆటో మాట్లాడుకుని వచ్చింది. సౌందర్య గుమ్మంలో నిలబడి ఉంది. తల దువ్వుకుంది, బడి బట్టలు వేసుకుంది. కాళ్లకు కొత్త నల్ల బూట్లు, తెల్ల సాక్సులు.

"అబ్బ, ఎవరు కొనిచ్చిండ్రు? పా, జల్ది పోదాం, టైమైతుంది."

పిల్ల కదల్లేదు. "మహిపాల్ పటేలు ఇచ్చిండు మేడం. ఇగ నావేనంట. మల్ల తీసుకోడంట."

జమ్ములమ్మ లోపల్నుంచి వచ్చింది. నిరోష ముఖం చూడకుండా తలుపు చెక్క చూస్తూ మాట్లాడింది. "వద్దు మేడం. పటేలు నిన్న వచ్చి చెప్పిండు. వచ్చేయేడు తాటిపత్రి కింద చిన్నోళ్లకు ఇదే చెప్తదంట. జీపు వచ్చిననాడు మేడం లెక్క కూసుంటదంట. పొద్దున, మాపున నాతోని జోడీ."

"అక్కా, చదవొస్తే పంపిస్తనన్నవు!"

"అప్పుడు రాదు గనక అన్న. ఇప్పుడు వచ్చింది గద. వచ్చినంక ఇంకేం నేర్వనీకె పోవాలె?" ఆమె తలుపు చెక్క మీంచి చూపు తిప్పలేదు, మాటా మార్చలేదు. "ఇది పోతే నేను ఎవరితోని దిగాలె చేన్ల? చెప్పు."

నిరోష ఆ పిల్ల ముందు మోకాళ్ల మీద కూర్చుని భుజాలు పట్టుకుంది. "సౌందర్యా, నువ్వు చెప్పు. హాస్టల్‌కు పోవాలని లేదా నీకు?"

సౌందర్య తల్లి వంక చూసింది, కిందికి తన కాళ్ల వంక చూసుకుంది. "బూట్లు వచ్చినయి గద మేడం," అంది.

నిరోష బతిమాలింది, జాన్ సారుకు ఫోన్ చేసింది, ఆయన ఎత్తలేదు. చివరికి ఆటో ఖాళీగానే వెనక్కి పోయింది. ఏప్రిల్‌లో నిరోష పని కూడా అయిపోయింది.

మరుసటి శ్రావణంలో ఆమె ఇంకో ఊరి బడికి పోతూ ఆ దారిన వెళ్లింది. మట్టిబాట మొదట్లో దిగి, తెలిసి తెలిసీ నడిచింది. గట్ల మీద ఎటు చూసినా తాటిపత్రులే. మహిపాల్ చేను దగ్గర చాప నిండా చిన్న పిల్లలు, వాళ్ల ముందు ఎత్తు పీట మీద సౌందర్య. చేతిలో తుమ్మబరిక, కాళ్లకు బూట్లు. వర్ష అనే చిన్న పిల్ల పుస్తకం మీద వేలు పెట్టి ఒక వత్తు దగ్గర ఆగిపోయింది.

"ముందుగాల మీదిది పట్టుకోవే. కింద ఏముంది? ఏముందే? మొద్దు!" బరిక వేళ్ల మీద పడింది.

నిరోషను చూసి సౌందర్య లేచి నిలబడింది. నిజమైన సంతోషంతో నవ్వింది. "నమస్తే మేడం! అందరికి నేనే చెప్తున్న. నీ లెక్కనే చెప్తున్న."

"ఏ క్లాసు ఇప్పుడు?"

"ఐదు. మన బళ్లెనే. హాజరేస్తున్నరు."

మహిపాల్ గట్టు మీంచి ఈల వేశాడు, మాపటి పని మొదలు. పిల్లలు లేచి మొక్కల్లోకి పరుగెత్తారు. సౌందర్య కూర్చుని లేసులు విప్పి, సాక్సులు మడిచి బూట్లలో కుక్కి, వాటిని గుంజకు కొట్టిన మేకుకు తగిలించింది. పసరు అంటితే పోదని, వాటిని చేలోకి తీసుకుపోదు. వట్టికాళ్లతో తల్లి నిలబడ్డ వరసలోకి దిగింది. ఈ ఏడు పత్తి బాగా ఎదిగింది. కాసేపటికి జమ్ములమ్మ ఒక్కతే కనబడింది.